ఖాళీ భుజం

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి
ఫోస్కా తలుపేసి వీధిలోకి వచ్చింది.
సంచి పట్టీ సర్దుకోడానికి
చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయింది.
పట్టీ లేదు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు మోసిన సంచిని శుక్రవారమే అప్పజెప్పింది.
సంతకం కూడా పెట్టించుకున్నారు,
ఎప్పుడో అరువిచ్చిన గిన్నె తిరిగి తీసుకున్నట్టు.

బొలోన్యాలో వీధి పొడుగునా వసారాలే.
కమాను వెనక కమాను, దాని వెనక ఇంకో కమాను.
వాన వస్తే వాన బయటే నిలబడుతుంది,
ఎండ గడపదాకా వచ్చి ఆగిపోతుంది.
ఇక్కడ గొడుగు మర్చిపోయినవాణ్ణి ఎవరూ తిట్టరు.

అయినా ఆమెకి ఊరంటే ఉత్తరాల పెట్టెలు,
వాటి మీద గీకి, కొట్టేసి, మళ్ళీ రాసిన పేర్లు.
ఏ గుమ్మానికి ఎన్ని మెట్లో మోకాళ్ళు చెబుతాయి.
ఏ కుక్క నిజంగా కరుస్తుందో కుడి పిక్క చెబుతుంది.
కప్పులు మాత్రం తెలీవు.
చూపెప్పుడూ తలుపు చీలిక ఎత్తులోనే ఉండిపోయింది.

ఇవాళ తలెత్తింది.

స్త్రాదా మజ్జోరేలో, పొడుగాటి కర్ర స్తంభాల కింద,
ఓ పిల్లాడు వాళ్ళ నాన్న మెడ మీద కూర్చుని
పైకి వేలు చూపిస్తున్నాడు.
చీకటి దూలంలో మూడు బాణాలు దిగబడి ఉన్నాయట.
ఎవరో ఎవరినో కొట్టబోతే గురి తప్పిందట.
ఫోస్కా మెడ పట్టేసేదాకా చూసింది.
రెండే.
"మూడోది నాకూ దొరకలేదండీ" అన్నాడు తండ్రి.
"నాకు నాలుగున్నాయి" అన్నాడు పిల్లాడు.
వీటి కిందనుంచే ఇన్నేళ్ళూ
కరెంటు బిల్లులు మోసుకెళ్ళింది.

సందులో పళ్ళకొట్టు లేయార్కో
పావుకిలో చెర్రీలు తూస్తూ అలవాటుగా అడిగాడు:
"నాకేమైనా ఉన్నాయా?"
"ఏమీ లేవు."
"బతికించావు" అని గుప్పెడు ఎక్కువేశాడు.

నడుస్తూ తింది. గింజలు పొట్లంలో ఉమ్మింది.
ఎక్కడా పన్నెండు కొట్టినా అడుగు వేగం పెంచలేదు.
వంగిన బురుజు చుట్టూ కంచె వేశారు.
కంచె దగ్గర నిలబడి, తన భుజం వైపు ఓసారి చూసుకుని,
"నీకూ అదే పక్కా?" అంది.

మధ్యాహ్నం పెద్ద చర్చి మెట్ల మీద చతికిలబడింది.
కింద సగం పాలరాయి, పైన సగం ఒట్టి ఇటుక.
డబ్బులయిపోయాయో ఓపికే అయిపోయిందో,
వందల ఏళ్ళుగా అలాగే వదిలేశారు.
పావురాలకి తేడా తెలీదు.
చెప్పులు విప్పి,
ఎండకి వేడెక్కిన రాతి మీద పాదాలు ఆన్చి,
చాలాసేపు ఏమీ అనుకోలేదు.

సాయంత్రం పొదెస్తా భవనం కింద ఆగింది.
అక్కడ ఎదురెదురు మూలలున్నాయి.
ఈ మూలలో గోడకి చెప్పిన గుసగుస
కప్పు మీదుగా పాకి ఆ మూలలో దిగుతుంది.
గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడకి నోరు కూడా ఉంది.
జనం పల్చబడేదాకా ఆగి,
బళ్ళో తప్పుచేసిన పిల్లలా మూలకి తిరిగి నిలబడింది.
ఏం చెప్పాలో తోచలేదు.
పెదవులకి బాగా అలవాటైన మాటే వచ్చింది:

"ఇక్కడ సంతకం పెట్టండి."

కాసేపు ఇటుకల చల్లదనం.
తర్వాత చెవి పక్కనే, లేత గొంతు:

"ఎక్కడా?"

తిరిగి చూస్తే అవతల మూలలో ఓ అమ్మాయి,
తలమీద పట్టా పుచ్చుకున్నవాళ్ళ ఆకుల దండ ఒరిగిపోయి,
గోడ పట్టుకుని నవ్వుతోంది.
ఫోస్కాకీ నవ్వు ఆగలేదు.
మధ్యలోంచి నడిచిపోతున్నవాళ్ళకి
ఏమీ వినబడలేదు.

ఇంటిదారిలో వాన మొదలైంది.
జనమంతా కమానుల కిందికి జరిగారు.
ఆమె మాత్రం వీధి మధ్యకి దిగింది.
తడవకుండా కాపాడాల్సింది ఒంటి మీద ఏదీ లేదు.

గుమ్మంలో, నీళ్ళు కారుతున్న చేత్తో
తన పెట్టె తెరిచింది.
ఒకే ఒక్క కవరు. కొత్త కుర్రాడు
నడుం విరిచి, మడతపెట్టి తోశాడు.

మడతపెట్టకూడదు.
రేపు వాడితో చెప్పాలి.